ఊరి పక్క నుంచే పైపు, ఊళ్లోకి మాత్రం రాని గ్యాస్

పాకిస్తాన్‌లో ఇంటికి పైపులో వచ్చే గ్యాస్‌ను ‘సూయీ గ్యాస్’ అంటారు. సూయీ బలూచిస్తాన్‌లోని ఒక ఊరు. 1952లో అక్కడ సహజ వాయువు దొరికింది. 1955 కల్లా అది పైపులో వందల కిలోమీటర్లు ప్రయాణించి కరాచీ చేరింది. అదే బలూచిస్తాన్ రాజధాని క్వెట్టాకు చేరడానికి మాత్రం 1980ల దాకా పట్టింది. పెరూలోనూ ఇదే జరిగింది. కుస్కో ప్రాంతంలోని కమిసేయా బావుల గ్యాస్ 2004లో ఆండీస్ పర్వతాలు దాటి, సముద్రతీరంలోని లిమాకు వెళ్లింది. బావులున్న కుస్కోలో మాత్రం ఆ తర్వాత కూడా ఏళ్ల తరబడి సిలిండర్ల మీదే వంట సాగింది. అదే 2004లో మొజాంబిక్ గ్యాస్ 865 కిలోమీటర్ల లైనులో దక్షిణాఫ్రికాలోని సెకుండాకు, అక్కడి కర్మాగారాలకు బయల్దేరింది. మొజాంబిక్ పల్లెల్లో ఎక్కువ ఇళ్లు నేటికీ కట్టెలూ బొగ్గుల మీదే వండుకుంటున్నాయి.

ఇది అన్యాయం అని ఎవరికైనా అనిపిస్తుంది. నాకూ అనిపిస్తుంది. అందులో సగం, నిర్ణయాలు తీసుకునేవాళ్లు ఎక్కడ కూర్చుంటారన్న దాని మీద ఆధారపడింది. మిగతా సగం ఆ వాయువు స్వభావంలోనూ, భూమి తవ్వే ఖర్చులోనూ ఉంది. ఈ రెండిటినీ విడదీసి చూడకపోతే మనం అడగాల్సింది ఒకటైతే అడిగేది మరొకటి అవుతుంది. ‘మా ఊరికి పైపు ఎప్పుడు వేస్తారు?’ అన్నది అలాంటి ప్రశ్నే. గ్యాస్ ఏ రూపంలో వస్తుంది, ఎన్నేళ్లు నిలకడగా వస్తుంది, దాని ఖర్చు చివరికి ఎవరి బిల్లులో పడుతుంది అన్నవి దానికంటే ముందు తేల్చుకోవాలి.

సిలిండర్లో ఇమడని వాయువు

ఎల్పీజీ మారుమూల కొండ మీది ఇంటికి కూడా చేరగలదు. సహజ వాయువు ఎందుకు చేరలేదు? ఎల్పీజీలో ఉండేవి ప్రొపేన్, బ్యూటేన్. కాస్త ఒత్తిడి పెడితే చాలు, మామూలు వేడిలోనే ఇవి ద్రవమైపోతాయి. పల్చటి ఇనుప సిలిండర్లో నింపి భుజాన వేసుకుపోవచ్చు. సహజ వాయువులో దాదాపు అంతా మీథేనే. అది మామూలు వేడిలో ఎంత నొక్కినా ద్రవం కాదు. సున్నాకు 82 డిగ్రీల దిగువకు చల్లబడితే తప్ప ఒత్తిడికి లొంగదు. ఒత్తిడి లేకుండా ద్రవంగా ఉంచాలంటే సున్నాకు 162 డిగ్రీల దిగువన ఉంచాలి. అదే ఎల్‌ఎన్‌జీ. అప్పుడు దాని పరిమాణం 600వ వంతుకు తగ్గుతుంది గానీ, అంత చలిని నిలబెట్టే ట్యాంకు వంటింట్లో పెట్టుకునే వస్తువు కాదు. సీఎన్‌జీగా నింపాలంటే వాతావరణ పీడనానికి 200 నుంచి 250 రెట్ల ఒత్తిడి, దాన్ని తట్టుకునే బరువైన సిలిండర్ కావాలి. అందుకే మీథేన్‌కు సహజమైన దారి పైపే.

ఆ పైపైనా ఒకే రకం కాదు. రాష్ట్రాలూ దేశాలూ దాటే పెద్ద ఉక్కు లైనులో ఒత్తిడి వాతావరణ పీడనానికి 60, 80, కొన్నిచోట్ల 100 రెట్లు ఉంటుంది. దారిలో తగ్గే ఒత్తిడిని తిరిగి పెంచడానికి 80 నుంచి 160 కిలోమీటర్లకు ఒక కంప్రెసర్ స్టేషన్ పెడతారు. ఇంట్లో పొయ్యికి కావలసిన అదనపు ఒత్తిడి వాతావరణ పీడనంలో 50వ వంతు. ఆ కొస నుంచి ఈ కొసకు రావాలంటే గ్యాస్ మెట్లు మెట్లుగా దిగాలి. పట్టణం అంచున ఉండే సిటీ గేట్ స్టేషన్లో వడపోసి, కొలిచి, ఒత్తిడి తగ్గిస్తారు. అక్కడి నుంచి సన్నని ఉక్కు లైను, ఆ తర్వాత వీధుల్లో పసుపురంగు పాలిథిలిన్ పైపు, చివరికి గోడ మీద రెగ్యులేటరూ మీటరూ.

చాలా దేశాల్లో వాసన కలిపేది కూడా ఈ మెట్ల మీదే. మీథేన్‌కు తనదైన వాసన ఉండదు. 1937 మార్చి 18న అమెరికాలోని టెక్సస్ రాష్ట్రంలో, న్యూ లండన్ అనే ఊళ్లోని బడి కింద వాసన లేని గ్యాస్ చేరి పేలింది. దాదాపు 300 మంది చనిపోయారు, వాళ్లలో అత్యధికులు పిల్లలు. ఆ తర్వాతే గ్యాస్‌కు ఘాటైన వాసన కలపడం తప్పనిసరి చేస్తూ చట్టాలు వచ్చాయి.

పొలంలోంచి పెద్ద లైను పోయిన రైతు ‘నా భూమిలోంచే పోతోంది కదా, నాకో కనెక్షన్ ఇవ్వరా?’ అని అడిగితే అవతలివాళ్లు ఎందుకు తటపటాయిస్తారో ఇప్పుడు అర్థమవుతుంది. ఊరి మీదుగా హై టెన్షన్ కరెంటు తీగలు పోయినంత మాత్రాన ఇంట్లో బల్బు వెలగదు, మధ్యలో సబ్‌స్టేషన్, ట్రాన్స్‌ఫార్మర్ ఉండాలి. ఇదీ అంతే. కాకపోతే కరెంటు ట్రాన్స్‌ఫార్మర్‌ను ఒక స్తంభానికి బిగించి చిన్న ఊరికి సరిపెట్టవచ్చు. పెద్ద లైను నుంచి గ్యాస్ తీసే స్టేషన్‌కు స్థలం, కంచె, వాల్వులు, అత్యవసరంగా ఆపే ఏర్పాట్లు, నిత్యం చూసే మనుషులు కావాలి. 50 ఇళ్లకు పెట్టినా 5,000 ఇళ్లకు పెట్టినా ఆ ఖర్చులో పెద్ద తేడా ఉండదు.

తవ్వకం లెక్క

గ్యాస్ పైపు లెక్కల్లో ఒక వింత ఉంది. పైపు వ్యాసం రెట్టింపు చేస్తే అందులో పోయే గ్యాస్ రెట్టింపు కాదు, సుమారు ఐదున్నర రెట్లవుతుంది. కందకం తవ్వే ఖర్చు మాత్రం రెండిటికీ ఇంచుమించు ఒకటే. అంటే ఎక్కువమందికి వేసే లావు పైపులో ఒక్కో ఘనపు మీటరు చాలా చవకగా పోతుంది, కొద్దిమందికి వేసే సన్న పైపులో బాగా ఖరీదవుతుంది. పల్లెకు ఎప్పుడూ సన్న పైపే.

ఒక ఊహా ఉదాహరణ తీసుకుందాం. దగ్గరి గ్యాస్ లైను నుంచి ఊరు 15 కిలోమీటర్లు. ఊళ్లో 300 ఇళ్లు. వీధుల్లో ఒక్క గజం తవ్వకముందే ఒక్కో ఇంటి వాటాకు 50 మీటర్ల పైపు పడుతుంది. అందరూ కనెక్షన్ తీసుకోరు కదా. 100 ఇళ్లే తీసుకుంటే ఆ వాటా 150 మీటర్లకు పెరుగుతుంది. పట్టణంలో అపార్ట్‌మెంట్లున్న వీధిలో ఒక్కో ఇంటికి ఐదారు మీటర్లు కూడా పడకపోవచ్చు. దారిలో రాతినేల, వాగు, రైల్వే గేటు వచ్చాయంటే ఖర్చు తడిసి మోపెడవుతుంది.

ఇంటి వాడకం ఇంకా పెద్ద తేడా తెస్తుంది. చలి దేశాల్లో ఇల్లు వెచ్చబెట్టుకోవడానికీ నీళ్లు కాచుకోవడానికీ గ్యాస్ వాడే కుటుంబం ఏడాదికి 2,000 ఘనపు మీటర్లు దాటి కాలుస్తుంది. వేడి దేశాల్లో వంటకు మాత్రమే వాడే కుటుంబానికి 150 నుంచి 200 ఘనపు మీటర్లు చాలు. పదో వంతు అమ్మకంతో అదే పైపు ఖర్చును రాబట్టాలి. అందుకే కెనడా, రష్యా పల్లెల్లో కుదిరిన లెక్క ఉష్ణమండలంలో కుదరకపోవచ్చు. అక్కడ చేశారు కాబట్టి ఇక్కడా చేయాలని వాదించే ముందు గుర్తుంచుకోవలసిన అసలు తేడా ఇదేనని నా అభిప్రాయం. డబ్బున్న దేశమా, పేద దేశమా అన్న దానికంటే ఇదే ముందు చూడాలి.

వంటిళ్లతోనే లెక్క తేలదు గనక పంపిణీ సంస్థలు ముందు ఒక పెద్ద వాడకందారు కోసం వెతుకుతాయి. పాలు మరిగించే డెయిరీ, ఇటుకలో టైల్సో కాల్చే కర్మాగారం, ధాన్యం ఆరబెట్టే కేంద్రం, హైవే పక్క సీఎన్‌జీ బంకు, ఇలాంటిది ఏదైనా సరే. ఏడాది పొడవునా నికరంగా గ్యాస్ కొనే అలాంటి చోటు ఒక్కటున్నా దాని దారిలోని పల్లెలకు పైపు రావడం సులువవుతుంది. ఒక పల్లెకు గ్యాస్ వస్తుందా అన్నది తరచు ఆ పల్లె ఎంత పెద్దదన్న దాని మీద కాక, దాని పక్కన ఏముందన్న దాని మీద తేలుతుంది.

ఖర్చును కిందికి దించిన ఒక ఉదాహరణ కెనడాలోని ఆల్బర్టాది. అక్కడ భూమి కింద గ్యాస్ పుష్కలంగా ఉన్నా, మైళ్ల దూరాన ఒక్కో ఇల్లుండే రైతులకు దాన్ని అందించడం గిట్టుబాటు కాదని కంపెనీలు ముందుకు రాలేదు. రైతులే సహకార సంఘాలు కట్టుకున్నారు. 1973లో ప్రభుత్వం గ్రామీణ గ్యాస్ కార్యక్రమం మొదలుపెట్టి పెట్టుబడిలో సాయం చేసింది. అప్పటికి పాలిథిలిన్ పైపు అందుబాటులోకి వచ్చింది. అది చుట్టలుగా దొరుకుతుంది, వంగుతుంది, తుప్పు పట్టదు. పెద్ద కందకం అక్కర్లేకుండా ట్రాక్టర్ వెనక నాగలిలాంటి పనిముట్టు తగిలించి, నేలను చీల్చుకుంటూ పైపును లోపలికి దింపేశారు. పొలాల్లోంచి పైపు పోవడానికి పెద్దగా అడ్డు రాలేదు, ఎందుకంటే పొలం వాళ్లదే, సంఘమూ వాళ్లదే. ఆ సంఘాలు ఇప్పటికీ నడుస్తున్నాయి. ఎన్నో దేశాల పథకాలు ఏళ్ల తరబడి భూమి అనుమతుల దగ్గరే ఆగిపోతున్న సంగతి తలుచుకుంటే, ఇందులో పైపు కంటే సంఘమే పెద్ద ఆవిష్కరణ అనిపిస్తుంది.

ఎవరి బిల్లులో పడుతుంది

గిట్టుబాటు కాని లైను వేయాలంటే లోటును ఎవరో ఒకరు భరించాలి. పన్నులు కట్టేవాళ్లు, పాత వాడకందార్లు, కొత్త వాడకందార్లు, కంపెనీ వాటాదార్లు. ఈ నలుగురిలో ఎవరి మీద ఎంత అన్నదే ప్రతి దేశం విధానంలోనూ అసలు విషయం.

కెనడాలోని ఒంటారియో ఈ లెక్కను దాపరికం లేకుండా పెట్టింది. 2018లో చట్టం చేసి, గ్యాస్ ఉన్నవాళ్ల నెల బిల్లులో ఒక డాలరు దాకా వసూలు చేస్తోంది. ఆ డబ్బుతో 2021లో 43 ఊళ్లకు, సుమారు 8,750 కనెక్షన్లకు, 23.4 కోట్ల కెనడా డాలర్లు కేటాయించారు. భాగించి చూస్తే ఒక్కో కనెక్షన్‌కు సబ్సిడీయే 26,000 డాలర్లు దాటుతుంది. దాంతోనూ సరిపోలేదు. కొత్తగా చేరినవాళ్లు ప్రతి ఘనపు మీటరు మీద 23 సెంట్లు అదనంగా, 40 ఏళ్ల దాకా కట్టాలి.

ఈ 40 ఏళ్ల దగ్గర ఒక్క క్షణం ఆగాలి. 40 ఏళ్లంటే ఇవాళ పుట్టిన బిడ్డ పిల్లల్ని బడికి పంపేంత కాలం. అన్నాళ్లూ ఆ ఊరివాళ్లు గ్యాసే వాడతారని నమ్మి ఇవాళ తవ్వుతున్నాం. 2023 డిసెంబరులో ఒంటారియో ఇంధన నియంత్రణ సంస్థ ఈ నమ్మకాన్నే ప్రశ్నించింది. కొత్త ఇళ్ల కనెక్షన్ ఖర్చును 40 ఏళ్ల మీద పంచే పద్ధతి ఆపి, ముందే కట్టించుకోవాలని తీర్పిచ్చింది. కరెంటుతో ఇల్లు వెచ్చబెట్టే హీట్ పంపులు వస్తున్నాయి, జనం గ్యాస్ వదిలేస్తే మిగిలిన అప్పు ఎవరు కడతారన్నది దాని వాదన. ఇళ్ల ధరలు పెరుగుతాయంటూ ప్రభుత్వం 2024లో చట్టం తెచ్చి ఆ తీర్పును పక్కన పెట్టింది. ఎవరి వైపు వాదన వాళ్లకుంది. నాకు మాత్రం నియంత్రణ సంస్థ భయమే బలంగా కనిపిస్తుంది. గ్యాస్ వదిలి కరెంటుకు మారగలిగేవాళ్లు ముందు కలిగినవాళ్లే. చివరిదాకా పైపు మీద మిగిలేది కొత్త సామాను కొనలేని ఇళ్లు, అద్దె ఇళ్లు. పైపు మొత్తం భారం వాళ్ల మీదికే జరుగుతుంది.

రష్యాది మరో దారి. సహజ వాయువు నిల్వల్లో ప్రపంచంలోనే మొదటి స్థానం, అయినా 2021 నాటికి గ్యాస్ అందుతున్నది సుమారు 70 శాతం ఇళ్లకే. ఆ ఏడాది ప్రభుత్వం, ఊళ్లో అప్పటికే లైను ఉంటే ఇంటి స్థలం సరిహద్దు దాకా పైపు ఉచితమని ప్రకటించింది. సరిహద్దు లోపలి పైపులు, బాయిలర్, మీటరు ఖర్చు ఇంటివాళ్లదే. ఆ ఆఖరి కొద్ది మీటర్లే చాలా కుటుంబాలకు తలకు మించిన భారం. పెరూ దీన్నే ముందుగా పట్టుకుంది. 2012లో ఏర్పాటైన సామాజిక ఇంధన నిధి నుంచి ఇంటి లోపలి పైపింగ్‌కు, కనెక్షన్‌కు డబ్బిస్తారు. పేదలకు పూర్తిగా, కాస్త ఉన్నవాళ్లకు వాయిదాల్లో కొంత తిరిగి కట్టే షరతుతో.

భారతదేశం 2006 నాటి చట్టంతో నియంత్రణ బోర్డు పెట్టి, దేశాన్ని ప్రాంతాలుగా విడదీసి పోటీ వేలంలో పంపిణీ సంస్థలకు అప్పగిస్తోంది. ఎన్ని ఇళ్లకు కనెక్షన్ ఇస్తామో, ఎంత ఉక్కు లైను వేస్తామో, ఎన్ని సీఎన్‌జీ బంకులు పెడతామో సంస్థలు వేలంలోనే మాటివ్వాలి. 2023 ఏప్రిల్ 1 నుంచి పెద్ద లైన్ల రవాణా చార్జీని దేశమంతటా కలిపి లెక్కగట్టే ఏకీకృత టారిఫ్ వచ్చింది. బావులకూ, దిగుమతి గ్యాస్ దిగే ఓడరేవులకూ దూరంగా ఉన్న ప్రాంతాల మీద దూరపు భారం దీనితో తగ్గింది. వేలంలో ఒక ప్రాంతమంతా సంస్థకు దక్కినా, ఆదాయం త్వరగా ఇచ్చే బంకులు, పరిశ్రమలు ముందు, చెదురుమదురు పల్లెలు చివర అన్న క్రమం వ్యాపార సహజం. అందుకే ఎన్ని కనెక్షన్లు అన్న లక్ష్యంతోపాటు, అవి ఎక్కడెక్కడ అన్నది కూడా షరతుల్లో రాయాలి.

మీటరుంది, గ్యాస్ లేదు

పైపు వేయడం ఒక ఎత్తు, చలికాలంలో అందులో గ్యాస్ ఉండటం మరో ఎత్తు. 2017లో చైనా, బీజింగ్ చుట్టుపక్కల 28 నగరాల పరిధిలో గాలిని శుభ్రం చేయాలని లక్షలాది గ్రామీణ ఇళ్లలో బొగ్గు పొయ్యిలు తీసేయించింది. వాటి స్థానంలో గ్యాస్ బాయిలర్లు రావాలి. కొన్నిచోట్ల పొయ్యి ముందు పోయింది, పైపు సమయానికి రాలేదు. పైపు వచ్చినచోట గ్యాస్ చాలలేదు. హెబేయ్ రాష్ట్రంలోని ఒక బడిలో గది లోపలి చలి భరించలేక పిల్లలు బయట ఎండలో కూర్చుని చదువుకున్నారు. డిసెంబరులో ప్రభుత్వం వెనక్కి తగ్గి, పని పూర్తికానిచోట బొగ్గు వాడుకోనిచ్చింది. గాలి విషయంలో ఆ కార్యక్రమం మంచి ఫలితాలే ఇచ్చింది, కాదనలేం. కానీ పాత పొయ్యి తీసే రోజుకు ముందే కొత్తది వెలగాలన్న చిన్న క్రమం తప్పినందుకు ఆ చలికాలమంతా పల్లెలు టెన్షన్ పడ్డాయి. 2022-23 చలికాలంలో హెబేయ్ పల్లెల్లో మళ్లీ గ్యాస్ కోత. ఈసారి కారణం ధర. ఇళ్లకు అమ్మే ధర నియంత్రణలో ఉంది, కొనే ధర పెరిగింది, స్థానిక ప్రభుత్వాల సబ్సిడీ సన్నగిల్లింది. అమ్మిన ప్రతి ఘనపు మీటరు మీదా నష్టపోయే సంస్థ సరఫరా బిగబట్టింది.

ఇరాన్‌లో పల్లెలతో సహా జనాభాలో 95 శాతానికి పైగా పైపు గ్యాస్ ఉంది. విస్తరణ పరంగా ఇంతకంటే పెద్ద విజయం అరుదు. నిల్వల్లో ప్రపంచంలో రెండో స్థానంలో ఉన్న ఆ దేశమే 2024 డిసెంబరులో ఇంధనం చాలక కార్యాలయాలు, బడులు మూసింది. బంగ్లాదేశ్, పాకిస్తాన్‌లలో సొంత బావులు తరిగిపోతుంటే ఇళ్లకు కొత్త పైపు కనెక్షన్లు ఆపేసి ఎల్పీజీ వైపు మళ్లించారు. సూయీ గ్యాస్ అన్న పేరు మిగిలింది గానీ కొత్త ఇంటికి అది దొరకదు అన్న స్థితి కొన్నేళ్లు సాగింది.

పైపు రాని ఊరికి

పెద్ద లైను రాకముందే గ్యాస్ ఇచ్చే పద్ధతి ఒకటుంది. దాన్ని పరిశ్రమలో వర్చువల్ పైపులైన్ అంటారు. పెద్ద లైను పక్కన ఉండే మదర్ స్టేషన్లో సీఎన్‌జీ నింపిన సిలిండర్ల వరసలను లారీలో తెచ్చి, ఊరి దగ్గర ఒత్తిడి తగ్గించి స్థానిక పైపుల్లోకి వదులుతారు. దూరం ఎక్కువైతే ఎల్‌ఎన్‌జీ ట్యాంకరు నయం. 40 ఘనపు మీటర్ల ద్రవం పట్టే ట్యాంకరు సుమారు 24,000 ఘనపు మీటర్ల గ్యాస్ అవుతుంది. నెలకు 15 ఘనపు మీటర్లు వాడే వంటిళ్లయితే ఒక్క ట్యాంకరు 1,600 ఇళ్లకు నెలంతా చాలు. కాగితం మీద అద్భుతం. కానీ ఎంత మంచి ట్యాంకులోనైనా ఎల్‌ఎన్‌జీ కొద్దికొద్దిగా వేడెక్కి ఆవిరవుతూ ఉంటుంది. వాడకం మందకొడిగా ఉంటే లోపల ఒత్తిడి పెరుగుతుంది, గ్యాస్‌ను బయటికి వదలాల్సి వస్తుంది. 300 ఇళ్ల ఊరు నెలల తరబడి ఒక ట్యాంకరును నిలవ ఉంచుకోలేదు. మళ్లీ ఆ డెయిరీయో కర్మాగారమో ఉండాల్సిందే.

ఆస్ట్రేలియాలోని విక్టోరియా గత దశాబ్దంలో చిన్న పట్టణాలకు సీఎన్‌జీని లారీల మీద తెచ్చి గ్యాస్ పరిచయం చేసింది. అదే రాష్ట్రం 2024 జనవరి 1 నుంచి ప్లానింగ్ అనుమతి కావలసిన కొత్త ఇళ్లకు గ్యాస్ కనెక్షన్ వద్దంది. కారణం వాతావరణం. కాల్చినప్పుడు గ్యాస్ బొగ్గు కంటే సుమారు 40 శాతం తక్కువ కార్బన్ డయాక్సైడ్ ఇస్తుంది. కాల్చకుండా కారిపోతే మాత్రం మీథేన్ 20 ఏళ్ల లెక్కలో కార్బన్ డయాక్సైడ్ కంటే 80 రెట్లు వేడి పుట్టిస్తుంది. పొడవాటి పైపు, తక్కువ వాడకం, చాలీచాలని తనిఖీ కలిస్తే గ్యాస్ వల్ల వచ్చిన మేలు లీకుల్లోనే పోతుంది.

ఇదంతా విని ‘అయితే పల్లెకు గ్యాస్ వద్దా?’ అంటే, ఆ మాట నేను అనలేను. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2020లో ఇంటి లోపలి పొగ వల్ల 32 లక్షల మంది చనిపోయారు. కట్టెల పొయ్యి ముందు కూర్చున్న మనిషికి 15 ఏళ్ల తర్వాత వచ్చే పైపు గురించి చెప్పడం క్రూరం. ఇవాళ ఆ ఇంటికి చేరగలిగింది సిలిండరే అయితే సిలిండర్ ఇవ్వాలి, దాన్ని మళ్లీ నింపించుకోగలిగే ధరలో ఉంచాలి. కరెంటు నమ్మకంగా ఉన్నచోట ఇండక్షన్ పొయ్యి ఇవ్వాలి. సిలిండర్‌ను పైపు కంటే తక్కువ స్థాయిగా చూసే ధోరణి నాకు నచ్చదు. రేపు పైపు వచ్చినా ఆ సిలిండర్ పొయ్యి వృథా పోదు. ఎల్పీజీ అదే పరిమాణానికి సుమారు రెండున్నర రెట్లు వేడినిస్తుంది కాబట్టి దాని పొయ్యిలో గ్యాస్ చిమ్మే జెట్ రంధ్రం చిన్నది. సహజ వాయువుకు తగిన పెద్ద రంధ్రమున్న జెట్ బిగిస్తే చాలా పొయ్యిలు పనిచేస్తాయి. ఆ పని తెలిసిన మెకానిక్‌తోనే చేయించాలి.

పల్లెను గ్యాస్ అందుకునే ఆఖరి కొసగానే ఎందుకు చూడాలి? పేడ, పంట వ్యర్థాలు కుళ్లితే వచ్చే బయోగ్యాస్‌లో సగానికి పైగా మీథేనే. దాన్ని శుద్ధి చేస్తే సహజ వాయువు పైపులో నేరుగా కలపవచ్చు. ఉత్తర సముద్రపు బావులున్న డెన్మార్క్‌లో ఇప్పుడు వాడే గ్యాస్‌లో మూడో వంతుకు మించి పొలాల నుంచి, పశువుల కొట్టాల నుంచి వచ్చిందే. వేసవిలో ఇళ్లు వెచ్చబెట్టే పని ఉండదు కనుక ఊరి పైపులో వాడకం కంటే ఉత్పత్తి ఎక్కువైపోతుంది. ఆ మిగులును ఒత్తిడి పెంచి పెద్ద లైనులోకి ఎక్కించడానికి అక్కడ కంప్రెసర్లు పెట్టారు. ఒకప్పుడు పెద్ద లైను నుంచి ఊరికి దిగిన గ్యాస్ ఇప్పుడు ఏడాదిలో కొన్ని నెలలు ఊరి నుంచి పైకి, నగరాల వైపు పోతోంది.